డాక్సీసైక్లిన్ మింగాక గొంతులో ఏదో అడ్డుపడినట్లే ఉంటోంది

మొటిమలకు డాక్టరు రాసిన డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. క్యాప్సూల్ రోజూ రాత్రి భోజనం తర్వాత వేసుకుంటున్నాను. మింగిన పది నిమిషాలకు గొంతు కింద, రొమ్ము ఎముక పైభాగంలో ఏదో అంటుకుపోయినట్లు మొదలై తెల్లవారేదాకా వదలడం లేదు. అన్నం, నీళ్లు మామూలుగానే దిగుతున్నాయి. నొప్పి, మంట లేవు. ఈ మందు అన్నవాహికలో ఆగితే పుండు పడవచ్చు, అదే నా భయం. నిండు గ్లాసు నీళ్లతో, తల కొంచెం ముందుకు వంచి మింగాను. పైన అరటిపండు తిన్నాను. గంటసేపు నిటారుగా కూర్చున్నాను. ఏ మార్పూ లేదు. పాలతో వద్దన్నారు కాబట్టి అది ప్రయత్నించలేదు. పారాసెటమాల్‌తో ఈ ఇబ్బంది రాదు. డాక్టరును సోమవారం కలుస్తాను. ఈలోగా, ఈ మందు వాడినవారు చెప్పండి: క్యాప్సూల్ కడుపులోకి దిగిపోయాక కూడా ఇలా గంటల తరబడి అనిపిస్తుందా, లేక అక్కడే ఆగిందనుకోవాలా?