క్రిస్టా ఆటోమేటిక్‌లో డబ్ల్యూఎస్ బదులు డెక్స్రాన్ III పోయొచ్చా?

ఘాట్‌రోడ్: ఇన్నోవా క్రిస్టా, 6 స్పీడ్ ఆటోమేటిక్. బండితో ఇచ్చిన మాన్యువల్ పుస్తకంలో గేర్‌బాక్సుకి టయోటా డబ్ల్యూఎస్ ఆయిల్ అని ఉంది. షెడ్డులో మాత్రం డెక్స్రాన్ III అనే వేరే గేర్‌బాక్సు ఆయిల్ డబ్బా చూపించి "అన్నీ ఎర్రగానే ఉంటాయి సార్, ఏది పోసినా ఒకటే" అంటున్నారు. పోయించొచ్చా?

వాల్వ్‌బాడీ: వద్దండీ. ఎరుపు అనేది కారితే కనపడటానికి కలిపే రంగు, అంతే. అసలు తేడాలు రెండు. మొదటిది చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర డెక్స్రాన్ III సుమారు 7 నుంచి 7.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత), డబ్ల్యూఎస్ ఐదున్నర దగ్గర. గేరు పడటానికి లోపలి క్లచ్ ప్లేట్ల కట్ట (క్లచ్ ప్యాక్) ఆయిల్‌తో నిండటానికి ఎంత సమయం పడుతుందో గేర్‌బాక్సు కంప్యూటర్ ఆ పలచటి ఆయిల్‌ను బట్టే లెక్కేస్తుంది. చిక్కటిది పోస్తే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు డీలో వేశాక బండి ఆలస్యంగా అందుకుంటుంది, లేదా గేరు మారేటప్పుడు తన్నుతుంది.

రెండోది రాపిడి మందులు, అంటే క్లచ్ ప్లేట్ల పట్టు సరిగ్గా ఉండటానికి ఆయిల్‌లో కలిపేవి. గొడవంతా ఇక్కడే. ఇప్పటి గేర్‌బాక్సుల్లో టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకి అందించేది) లోపలి లాకప్ క్లచ్‌ని చాలాసేపు కావాలనే కొద్దికొద్దిగా జారనిస్తారు. అలా జారేటప్పుడు జారుడు వేగం పెరిగేకొద్దీ రాపిడి కూడా కాస్త పెరగాలి. తగ్గితే ప్లేటు పట్టి వదిలి, పట్టి వదిలి చేస్తుంది. 60-80 స్పీడులో యాక్సిలరేటర్ తేలిగ్గా నొక్కి ఉంచినప్పుడు రంబుల్ స్ట్రిప్స్ మీద పోతున్నట్టు ఒకటి రెండు సెకన్లు వణుకు వస్తుంది. దాన్ని ఇంజిన్ మిస్సింగ్ అనుకుని ఇంజెక్టర్లు విప్పించేవాళ్లు చాలామంది.

లీటరులెక్క: డెక్స్రాన్ III వద్దన్నంత వరకు ఒప్పుకుంటాను. అంతమాత్రాన కంపెనీ డబ్బా తప్ప ఇంకేదీ పనికిరాదని అనుకోవద్దు. చూడాల్సింది స్పెసిఫికేషన్. జీఎం (జనరల్ మోటార్స్) తన పాత డెక్స్రాన్ II, III బదులు డెక్స్రాన్ VI వాడమంది. ఫోర్డ్ మెర్కాన్ బదులు మెర్కాన్ V, హోండా జెడ్1 బదులు డీడబ్ల్యూ-1. ఇవన్నీ తయారుచేసినవాళ్లే ఒప్పుకున్న మార్పిడులు. పేరున్న కంపెనీ తక్కువ చిక్కదనం ఉన్న మల్టీ వెహికిల్ ఏటీఎఫ్ (చాలా రకాల బండ్లకని అమ్మే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) అమ్ముతూ, దాని డేటా షీటులో డబ్ల్యూఎస్ పేరు రాస్తే, వారంటీ దాటిన బండికి నేను వద్దనను.

ఇంకో సంగతి. డెక్స్రాన్ III లైసెన్సులను జీఎం 2006తోనే ఆపేసింది. ఇప్పుడు ఆ పేరుతో వచ్చే డబ్బాలో ఏముందో అమ్మేవాళ్ల మాటే ఆధారం.

వాల్వ్‌బాడీ: ఆ మార్పిడులన్నీ పాతదాని బదులు కొత్తది. III అడిగిన చోట VI సరే, VI అడిగిన చోట III కుదరదు. పాతదాని బదులు కొత్తది అన్నది కూడా అన్నిచోట్లా చెల్లదు. 10 స్పీడ్ కోసం తెచ్చిన మెర్కాన్ యూఎల్‌వీని అంతకుముందరి మెర్కాన్ ఎల్‌వీ అడిగే గేర్‌బాక్సులో పోయొద్దని ఫోర్డ్, తన పాత టీ-IV ఆయిల్ అడిగే వాటిలో డబ్ల్యూఎస్ పోయొద్దని టయోటా చెబుతున్నాయి. సీళ్లు, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఏ క్లచ్‌కి పంపాలో మళ్లించే భాగం) రంధ్రాలు అరిగిన చోట పలచటి ఆయిల్‌తో ప్రెషర్ నిలవదు. క్లచ్ జారి కాలిపోతుంది.

మల్టీ వెహికిల్ సంగతికొస్తే, "సరిపోతుంది" అని ఆయిల్ కంపెనీ తనే రాసుకోవడం వేరు, లైసెన్సు నంబరుతో అప్రూవల్ ఉండటం వేరు.

లీటరులెక్క: జీఎం, ఫోర్డ్‌లకు ఉన్నట్టు బయటివాళ్లకు లైసెన్సు ఇచ్చే పద్ధతి డబ్ల్యూఎస్‌కి లేదు కదండీ. అందుకే డేటా షీటు అడగమంటున్నాను. 100 డిగ్రీల దగ్గర అంకె 6 దాటితే పక్కన పెట్టేయండి.

పుల్లీబెల్ట్: ఇది చదివి సీవీటీ (గేర్ల బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్) బండ్లవాళ్లు మాత్రం ఏ ఏటీఎఫ్ జోలికీ పోకండి. అందులో స్టీలు బెల్టు స్టీలు పుల్లీని పట్టుకుని లాగాలి. ఆ పట్టు సీవీటీ ఆయిల్ వల్లే నిలుస్తుంది. ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి పుల్లీ మీద గీతలు పడతాయి, తర్వాత సరైన ఆయిల్ పోసినా అవి పోవు. నిస్సాన్‌కి ఎన్‌ఎస్-3, హోండాకి హెచ్‌సీఎఫ్-2, టయోటాకి సీవీటీ ఎఫ్‌ఈ. కరోలా ఆల్టిస్‌లో పాత 4 స్పీడుకీ, తర్వాత వచ్చిన సీవీటీకీ ఆయిల్ వేరు. మారుతి ఏజీఎస్ లాంటి ఏఎంటీల్లో (క్లచ్, గేర్లు యంత్రమే మార్చేవి) ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే, పోయాల్సింది మాన్యువల్ గేర్ ఆయిలే. క్లచ్ నడిపే యాక్చుయేటర్ ఆయిల్ మళ్లీ వేరు.

ఘాట్‌రోడ్: ఒకవేళ ఇప్పటికే ఒక లీటరు డెక్స్రాన్ కలిసిపోయి ఉంటే?

లీటరులెక్క: వెంటనే పాడైపోదు, కానీ అలా వదిలేయకండి. డ్రెయిన్ చేస్తే అంతా రాదు, కన్వర్టర్‌లో, కూలర్‌లో మిగిలిపోతుంది. మొత్తం 8 లీటర్లు, డ్రెయిన్‌లో వచ్చేది 3 అనుకుంటే, ఒకసారి మారిస్తే కొత్తది 37.5 శాతం, రెండోసారికి 61, మూడోసారికి 76. ఒక్కో మార్పుకీ మధ్య బండి అన్ని గేర్లలో తిరగాలి.

ఫిల్ బోల్టు (ఆయిల్ పోసే చోటిది) వదులవుతుందని తేలాకే డ్రెయిన్ బోల్టు ముట్టుకోండి. అది పట్టేసి ఉంటే ఖాళీ గేర్‌బాక్సుతో బండి అక్కడే ఉండిపోతుంది. వచ్చినదాన్ని కొలిచి అంతే పోయండి, వాషర్ కొత్తది వేయండి. లెవెల్ చూసేటప్పుడు బండి సమతలంగా, ఇంజిన్ ఆన్‌లో ఉండాలి. స్కానర్‌లో ఆయిల్ వేడి మాన్యువల్ చెప్పిన హద్దులో, సుమారు 40 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎక్కువైన ఆయిల్ బయటికి పోయే ఓవర్‌ఫ్లో రంధ్రం నుంచి ధార ఆగి చుక్కలుగా మారగానే దాని బోల్టు బిగించండి. 80 డిగ్రీల్లో చూస్తే ఆయిల్ ఉబ్బి ఎక్కువ కారిపోతుంది, చల్లారాక లోపల తక్కువ పడుతుంది.

వాల్వ్‌బాడీ: దీంతో నాకు పేచీ లేదు. పాన్ (గేర్‌బాక్సు కింది ఆయిల్ పళ్లెం) దించితే అందులోని అయస్కాంతాలు కూడా చూడండి. బూడిద రంగు మెత్తటి పేస్టు మామూలే. మెరిసే రేకులు, ముక్కలు కనిపిస్తే మాత్రం ఏ ఆయిల్ అన్న ప్రశ్న తర్వాత, ముందు గేర్‌బాక్సు విప్పించాలి.