కళాశాల ఫుట్‌బాల్: రాబడిలో వాటా వచ్చింది, గాయానికి పూచీ ఎవరిది?

డాలస్ వాసి:

ముందుగా ఒక స్పష్టత. నేను ప్రస్తావిస్తున్నది మన ఊళ్లలో ఆడే ఫుట్‌బాల్ గురించి కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు ఢీకొనే అమెరికన్ ఫుట్‌బాల్ గురించి, అందులోనూ విశ్వవిద్యాలయ జట్ల గురించి. హౌస్ అనే క్రీడాకారుడి పేరున నడిచిన దావాలో కుదిరి, న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ 2025 జూన్‌లో ఆమోదించిన హౌస్ ఒప్పందం వల్ల, ఆటపై వచ్చే రాబడిలో ఆటగాళ్లకు నేరుగా వాటా ఇచ్చే వీలు విశ్వవిద్యాలయాలకు కలిగింది. 2025-26లో ఒక్కో విశ్వవిద్యాలయం అన్ని క్రీడలకూ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు పంచవచ్చని పరిమితి పెట్టారు. 2016 నుంచి ఆడినవారికి బకాయిల కింద దాదాపు 280 కోట్ల డాలర్లు పదేళ్లలో అందాలి. ఇక న్యాయం జరిగిపోయిందని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే డబ్బు పంపకం మారిందే గాని, గాయపడిన కుర్రవాడి శరీరానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఉన్నచోటే ఉంది.

మార్కస్ లాటిమోర్ సంగతి తీసుకోండి. సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో 2010లో, చేరిన మొదటి ఏడాదే, బంతితో 1,197 గజాలు పరుగెత్తాడు. ఆ శక్తికి వెంటనే వెల కట్టే అవకాశం అతనికి లేదు, ఎందుకంటే హైస్కూలు ముగిసి మూడేళ్లు గడవనిదే అక్కడి వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ ఎవరినీ తీసుకోదు. ఆ నిబంధనను మోరిస్ క్లారెట్ అనే కళాశాల ఆటగాడు కోర్టులో సవాలు చేస్తే, 2004లో అప్పీలు ధర్మాసనం దానిని నిలబెట్టింది. ఆ తీర్పు రాసింది తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లిన సోనియా సొటొమేయర్. లాటిమోర్‌కు 2011లో ఎడమ మోకాలి లిగమెంటు తెగింది. కోలుకుని తిరిగొచ్చిన తర్వాత, 2012 అక్టోబర్ 27న టెనెసీతో జరిగిన మ్యాచ్‌లో కుడి మోకాలు కీలు తప్పి లిగమెంట్లు తెగిపోయాయి. ఎన్ఎఫ్ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను రౌండ్ల వారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2013లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు నాలుగో రౌండులో తీసుకున్నా, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2014 నవంబర్‌లో ఆట విరమించాడు. నియమం సంపాదించనివ్వని ఆ మూడేళ్లలోనే రెండు మోకాళ్లూ పోయాయి.

కోర్టులు ఈ ప్రశ్నను ఎప్పుడో ఎదుర్కొన్నాయి. డెన్వర్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ సాధనలో వెన్ను దెబ్బతిన్న నెమెత్ అనే విద్యార్థికి, పనిలో గాయపడిన ఉద్యోగులకు ఇచ్చే కార్మిక నష్టపరిహారం చెల్లించాల్సిందేనని కొలరాడో సుప్రీంకోర్టు 1953లో తేల్చింది. నాలుగేళ్లకే అదే కోర్టు, 1955లో ఆటలో తలకు దెబ్బ తగిలి చనిపోయిన ఫోర్ట్ లూయిస్ కళాశాల ఆటగాడు రే డెన్నిసన్ భార్యకు పరిహారం నిరాకరించింది. ఆ కళాశాల ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదన్నది కారణం. మా టెక్సస్‌లోనే, టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం) జట్టు ఆటగాడు కెంట్ వాల్‌డ్రెప్ 1974లో అలబామాతో ఆడుతూ మెడ కింది భాగమంతా చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. 1993లో రాష్ట్ర కార్మిక నష్టపరిహార సంఘం అతనికి అనుకూలంగా నిర్ణయిస్తే, 1997లో జ్యూరీ దానిని కొట్టేసింది, 2000లో అప్పీలు కోర్టు జ్యూరీనే సమర్థించింది. ఇరవై ఆరేళ్ల తర్వాత అతనికి మిగిలిన జవాబు, నువ్వు ఉద్యోగివి కావు అన్నదే.

కృష్ణాతీరం:

డాలస్ వాసి గారూ, మీరు చెప్పిన ఉదంతాలు నిజంగా బాధ పెట్టేవే. అయితే అవి చాలావరకు పాత వ్యవస్థకు చెందినవి. 2024 ఆగస్టు నుంచి, కళాశాల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ప్రతి ఆటగాడికీ, జట్టు విడిచిన తర్వాత రెండేళ్ల పాటు, ఆటలో తగిలిన గాయానికి 90,000 డాలర్ల వరకు వైద్య బీమా ఇస్తోంది. వాల్‌డ్రెప్ వంటి తీవ్ర గాయాలకు ప్రత్యేకమైన విపత్తు బీమా అంతకుముందు నుంచే ఉంది. ఇక పోయిన సంపాదన మాటకొస్తే, పేరున్న ఆటగాళ్లు తమ విలువ పడిపోతే పరిహారమిచ్చే బీమా కొనుక్కుంటున్నారు. ఒరెగాన్ ఆటగాడు ఇఫో ఎక్‌ప్రే-ఒలోము 2014 డిసెంబర్‌లో మోకాలు దెబ్బతిని డ్రాఫ్ట్‌లో ఏడో రౌండుకు జారిపోయినప్పుడు, అలాంటి బీమా ద్వారా 30 లక్షల డాలర్లు అందుకున్నాడని అప్పట్లో వార్తలు వచ్చాయి. ప్రమాదం వద్దనుకునేవారికి తప్పుకునే దారీ ఉంది. 2016లో లియోనార్డ్ ఫోర్నెట్, క్రిస్టియన్ మెకాఫ్రీ సీజను చివర జరిగే తమ జట్ల బౌల్ మ్యాచ్ ఆడకుండా నేరుగా డ్రాఫ్ట్‌కు సిద్ధమయ్యారు.

నా అసలు ఆందోళన వేరే చోట ఉంది. చాలా కళాశాలల్లో ఈతగాళ్లు, మల్లయోధులు, మహిళా జట్లు ఫుట్‌బాల్ రాబడి మీదే బతుకుతున్నాయి. ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఉద్యోగులను చేసి, జీవితకాలపు వైద్య భారం కూడా విశ్వవిద్యాలయం మీద పెడితే, ముందుగా మూతపడేవి ఆ జట్లే. వారిలోనూ గాయపడేవారున్నారు, వారి తరఫున ఇక్కడ ఎవరూ మాట్లాడడం లేదు.

న్యాయవిద్యార్థిని:

ఉద్యోగి హోదా ఇస్తే అంతా సర్దుకుంటుందన్న నమ్మకాన్ని చట్టం అంత సులభంగా సమర్థించదు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ ఆటగాళ్లు వారానికి 40 నుంచి 50 గంటలు ఆటకే వెచ్చిస్తున్నారని గమనించి, 2014 మార్చిలో జాతీయ కార్మిక సంబంధాల మండలి ప్రాంతీయ అధికారి వారిని ఉద్యోగులుగా గుర్తించారు. 2015 ఆగస్టులో కేంద్ర మండలి, వారు ఉద్యోగులా కారా అన్నది తేల్చకుండానే, ఈ వ్యవహారంలో తాను జోక్యం చేసుకోనని చెప్పింది. ఒక ముఖ్య కారణం ఏమిటంటే, ఆ మండలి అధికారం ప్రైవేటు సంస్థల మీదే చెల్లుతుంది, పెద్ద ఫుట్‌బాల్ జట్లున్న విశ్వవిద్యాలయాలు ఎక్కువగా ప్రభుత్వానివి. టెక్సస్ చట్టం ప్రభుత్వ ఉద్యోగుల్లో చాలామందికి సంఘంగా ఏర్పడి జీతభత్యాలపై సామూహిక బేరసారాలు చేసే హక్కునే ఇవ్వదు. ఫ్లోరిడాలో కార్మిక నష్టపరిహార చట్టం వృత్తి క్రీడాకారులను పేరుపెట్టి మరీ మినహాయించింది. అంటే అక్కడ ఉద్యోగి అయిన ఆటగాడికి సైతం ఆ రక్షణ దక్కదు.

మన పాఠకుల్లో ఎఫ్-1 వీసా మీద చదువుకున్నవారు చాలామంది ఉంటారు కనుక మరొక మాట. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి క్యాంపస్‌లో పని చేయకూడదన్న నిబంధన మనందరికీ తెలుసు. ఆటను ఉద్యోగంగా లెక్కించిన రోజున, అదే వీసా మీద ఆడే విదేశీ క్రీడాకారుల పరిస్థితి ఏమిటో ఎవరూ ఆలోచించినట్టు కనిపించదు.

మరోవైపు, 2024 జులైలో ఫిలడెల్ఫియాలోని అప్పీలు కోర్టు, కళాశాల క్రీడాకారులు వేతన చట్టం కింద ఉద్యోగులయ్యే అవకాశం ఉందని చెప్పి, పరీక్షించమని కేసును కింది కోర్టుకు పంపింది. తలుపు పూర్తిగా మూసుకుపోలేదు.

ప్లేనో అమ్మ:

నాకు చట్టం అంతగా తెలియదు. మా అబ్బాయి పదకొండో తరగతి, ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్‌గా, అంటే ఎదుటి జట్టును అడ్డుకునే వరుసలో ఆడతాడు, కళాశాలల కోచ్‌లు ఫోన్ చేయడం మొదలుపెట్టారు. వాడికి వాటా ఎంత ఇస్తారో ప్రతి ఒక్కరూ చెబుతున్నారు, దెబ్బ తగిలితే ఏమిటని అడిగితే మాత్రం వైద్య బృందం చాలా గొప్పదని అంటున్నారు. పెద్దలు దయచేసి చెప్పండి, మేము ఏమి అడగాలి?

డాలస్ వాసి:

అమ్మా, మీ ప్రశ్నకు వస్తాను. ముందు కృష్ణాతీరం గారికి ఒక సమాధానం.

మీరు చెప్పిన రెండేళ్ల బీమా మంచిదే, ఇన్నాళ్లూ అది లేకపోవడమే సిగ్గుచేటు. అయితే లిగమెంటు తెగిన మోకాలిలో కీళ్లవాతం పది పదిహేనేళ్ల తర్వాత బయటపడుతుంది, తల మీద పదేపదే తగిలిన దెబ్బల ఫలితం ఇంకా ఆలస్యంగా. అప్పటికి ఆ బీమా గడువు ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. విలువ పడిపోతే ఇచ్చే బీమా, డ్రాఫ్ట్‌లో ముందు వరుసలో ఉంటారని అందరూ అనుకునే కొద్దిమందికే దొరుకుతుంది. బౌల్ మ్యాచ్ మానుకున్న ఫోర్నెట్, మెకాఫ్రీలు కూడా ఆ కొద్దిమందిలోని వారే. జట్టులో ఉండే వందమందిలో అధికశాతం ఎన్ఎఫ్ఎల్ గడప తొక్కరు, మోకాళ్లు మాత్రం వారివీ అరుగుతాయి. నేను మాట్లాడుతున్నది ముఖ్యంగా వారి గురించి.

ఈత, కుస్తీ జట్ల గురించిన మీ ఆవేదన నాకు అర్థమైంది, కానీ ఆ జట్లను పోషించే భారం గాయపడిన ఫుట్‌బాల్ కుర్రవాడి మోకాలి మీద ఎందుకు ఉండాలి? కోచ్‌ను మధ్యలో తొలగించినప్పుడు మిగిలిన ఒప్పందకాలానికి కోట్ల డాలర్లు చెల్లించడానికి వెనుకాడని విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. పొదుపు అక్కడ మొదలుపెట్టవచ్చు.

న్యాయవిద్యార్థిని గారు చూపిన అడ్డంకులు గట్టివి, అందుకే నేను హోదా కోసమే పట్టుబట్టను. ఉద్యోగి అన్న గుర్తింపు లేకుండానే హౌస్ ఒప్పందం వాటాను తెచ్చినప్పుడు, అదే తీరులో వైద్యపు పూచీనీ ఒప్పందంలోనే రాయించవచ్చు. నార్త్‌వెస్టర్న్ ఆటగాళ్లు ముందుకు తెచ్చిన ప్రధాన కోరికల్లో ఒకటి జీతం కాదు, ఆటలో తగిలిన గాయాలకు చదువు ముగిశాక కూడా వైద్యం. ఏటా పంచే వాటాలో కొంత శాతాన్ని విడిగా ఒక నిధిలో వేసి, ఆ నిధి నుంచి ఏ ఆటగాడి గాయానికైనా కాలపరిమితి లేకుండా వైద్యం చేయిస్తే, టెక్సస్‌లో కార్మిక చట్టం ఏమి చెప్పినా, ఫ్లోరిడా ఎవరిని మినహాయించినా ఆ కుర్రవాడికి నష్టం లేదు.

ఇక అమ్మా, కోచ్ నోటిమాటను నమ్మకుండా నాలుగు విషయాలు కాగితం మీద రాసిమ్మని అడగండి. గాయం వల్ల ఆడలేకపోతే డిగ్రీ పట్టా చేతికొచ్చే దాకా స్కాలర్‌షిప్ కొనసాగుతుందా, వాటా చెల్లింపు అదే నెలలో ఆగిపోతుందా, మీకు నచ్చిన బయటి డాక్టరు దగ్గర రెండో అభిప్రాయం తీసుకుంటే ఖర్చు ఎవరిది, తిరిగి మైదానంలోకి దిగవచ్చని నిర్ణయించే వైద్యుడు కోచ్‌కు జవాబుదారీగా ఉంటాడా, లేక స్వతంత్రుడా. జవాబులు చదివి చూడమని సంతకానికి ముందే ఒక న్యాయవాదికి ఇవ్వండి, ఆ న్యాయవాది విశ్వవిద్యాలయం పరిచయం చేసిన మనిషి కాకుండా చూసుకోండి.