తాతగారి లెడ్జరు అంచుల మీద ఈ రంగుల అలలేమిటి?

మిల్లు మనవడు (రామచంద్రపురం దగ్గర):
రంగులు వేయిద్దామని అటక ఖాళీ చేస్తుంటే తాతగారి రైస్ మిల్లు లెడ్జర్లు మూడు బయటపడ్డాయండి. ఒకదాన్ని చెదలు సగం తినేశాయి, ఇంకోటి తడిసి ముద్దయింది, మూడోది మాత్రం నిన్న కొన్నట్టుంది. 1956 నాటిది. ధాన్యం బస్తాలు, హమాలీ కూలి, తవుడు అమ్మకం, అన్నీ గుమాస్తా గారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు.

నా సందేహం లెక్కల గురించి కాదు. పుస్తకం మూసి పక్క నుంచి చూస్తే కాగితాల అంచుల మీద మూడు వైపులా ఎరుపు, నీలం, పసుపు రంగులు దువ్వెనతో దువ్వినట్టు అలలు అలలుగా ఉన్నాయి. అట్ట లోపల అతికించిన కాగితం మీదా అలాంటి డిజైనే. పేజీ తెరిస్తే మాత్రం అంచున వెంట్రుకంత గీత తప్ప రంగే లేదు. బస్తాల లెక్క రాసుకునే పుస్తకానికి ఇంత సోకెందుకు? మా ఆవిడైతే "మీ తాతగారు సోకుల రాయుడు" అని తేల్చేసింది. ఇది ప్రింటా, చేత్తో వేసిందా? మా అమ్మాయికి తెగ నచ్చింది, ఇంట్లో చేయొచ్చా అని ప్రాణం తీస్తోంది.

పాత బైండరు, రాజమండ్రి:
ముందు తాతగారి మీద ఆ నింద తీసేయండి బాబూ. ఆ రంగులు దొంగ లెక్కలకి కాపలా. పుస్తకం కుట్టి, అంచులు కోసి, రెండు చెక్కల మధ్య గట్టిగా బిగించి, రంగులు తేలుతున్న తొట్టిలో ఒక్కో అంచునీ తాకించి తీస్తారు. అంటే ఆ డిజైన్ అన్ని కాగితాల మీదా కలిపి ఒక్కటే బొమ్మ. ఎవరైనా మధ్యలో కాగితం చింపినా, కొత్తది దూర్చినా అల అక్కడ తెగిపోతుంది. కొత్త కాగితమైతే తెల్లగా పట్టిస్తుంది కూడా. ఒక్క కాగితం పోతే కంటికి ఆనకపోవచ్చు గానీ నాలుగైదు పోయాయంటే దాగదు. అందుకే సోకు పుస్తకాల కంటే లెక్కల పుస్తకాలకే ఇది ఎక్కువ అవసరం.

మా షాపులో దీన్ని మార్బుల్ పేపరు అనేవాళ్లం, పాలరాయి చారల్లా ఉంటుందని. అట్ట లోపలి కాగితం అసలుదో కాదో తేల్చుకోవడం తేలికే. ఒకే మెలిక మళ్లీ అచ్చం అలాగే వస్తోందేమో చూడండి, వస్తే ప్రింటు. భూతద్దం కింద సన్న చుక్కలు కనిపించినా ప్రింటే. చేత్తో వేసినదైతే ఏ రెండు షీట్లూ అచ్చం ఒకేలా రావు. మేం అట్టలకి వాడినవి చాలా వరకు ప్రింటు షీట్లేనండి, చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు.

చరిత్ర పిచ్చోడు:
బైండరు గారు చెప్పిన తెలివి డబ్బు నోట్ల మీద కూడా వాడారు! 1775లో అమెరికా వాళ్లు స్వాతంత్ర్య పోరాటం కోసం వేసిన నోట్లలో 20 డాలర్ల నోటుకి ఒక అంచున ఈ రంగుల పట్టీ ఉంటుంది. ఆ కాగితం సమకూర్చింది బెంజమిన్ ఫ్రాంక్లిన్. దొంగనోటు వేసేవాడు అక్షరాలు దింపగలడు గానీ నీళ్ల మీద తేలిన రంగును ఎలా దింపుతాడు?

విద్య మాత్రం తూర్పు దేశాలది. జపాన్‌లో 12వ శతాబ్దానికే మామూలు నీళ్ల మీద సిరా చుక్కలు వదిలి, ఊదుతూ కదిలించి కాగితానికి పట్టించేవారు, సుమినగాషి అంటారు. పారసీకులు దీన్ని అబ్రి అన్నారు, అబ్ర్ అంటే మేఘం. టర్కీ వాళ్లది ఎబ్రూ, 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరింది. ఇస్తాంబుల్‌లో హాతిప్ మెహ్మెద్ ఎఫెండి అనే ఉస్తాదు 1773లో ఇల్లు అంటుకుంటే తను వేసిన కాగితాలు కాపాడుకోబోయి మంటల్లోనే పోయాడు.

మనకి దగ్గరి సంగతొకటి. 17వ శతాబ్దంలో మన దక్కన్‌లోనే, బీజాపూర్ వైపు, కాగితంలో కొంత భాగం కప్పి మిగతా చోట మాత్రమే రంగు పట్టించి బొమ్మలు చేశారు. ఎముకల గూడులా బక్కచిక్కిన గుర్రం, ఒళ్లంతా ఈ చారలే. యూరప్ వాళ్లు ఇదే విద్యను టర్కీ కాగితం అని కొనుక్కుని, తర్వాత నేర్చుకుని, గుట్టుగా దాచుకున్నారు. 1853లో లండన్‌లో చార్లెస్ వుల్‌నో అనే ఆయన పద్ధతంతా పుస్తకంగా అచ్చేయిస్తే తోటి పనివాళ్లకి ఒళ్లు మండింది.

మెంతిగంజి (అమలాపురం):
పాపకి చెప్పండి, చేయొచ్చు. నేను ఏడాదిగా వంటింట్లో తిట్లు తింటూ చేస్తున్నాను. ఉత్త నీళ్ల మీద మన వాటర్ కలర్ మునిగిపోతుంది, అందుకని నీళ్లు చిక్కబరచాలి. పాతకాలంలో దీనికి మెంతుల జిగురు కూడా వాడేవారు. ఇప్పుడు సముద్రపు నాచు నుంచి తీసే క్యారజీనన్ పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మజ్జిగ చిక్కదనం వచ్చేదాకా కలిపి, బుడగలు పోయేలా రాత్రంతా వదిలేయండి.

నేను తిన్న దెబ్బ ఒకటి చెప్తాను, మీరు తినకండి. మా బోరు నీళ్లు ఉప్పన. వాటితో కలిపితే గంజి విరిగినట్టయి రంగులు పరుచుకోకుండా గుటుక్కున మునిగాయి. నెల రోజులు రంగునే అనుమానించాను, తీరా వాటర్ క్యాన్ కొని చూస్తే మొదటిసారే వచ్చేసింది.

కాగితానికి ముందు పటిక నీళ్లు పూసి ఆరబెట్టాలి, లేకపోతే కడిగినప్పుడు రంగంతా జారిపోతుంది. పెడన కలంకారీలో గుడ్డకి పటిక పట్టించడం లాంటిదే. అసలు పద్ధతిలో రంగులో ఎద్దు పిత్తం చుక్క కలుపుతారు, దాంతో రంగు పైనే తేలి పరుచుకుంటుంది, పక్క రంగులో కలవదు. ఆ మాట ఎత్తితే మా అమ్మ నన్ను ట్రేతో సహా వీధిలోకి గెంటేది, కాబట్టి నేను పల్చటి అక్రిలిక్ రంగులతో సరిపెట్టుకుంటున్నాను.

రంగు చల్లడానికి కొబ్బరి ఈనెల చీపురు కొస తుంచుకుంటే చాలు, దానికి మించింది లేదు. దువ్వెన కూడా అట్టముక్కకి ఈనెలు వరసగా గుచ్చి చేసిందే. కాగితం ఒక మూల నుంచి మెల్లగా వాల్చండి, గాలి దూరితే అక్కడ తెల్లమచ్చ. మన గాలిలో తేమ ఈ పనికి మంచిదే, గంజి మీద మీగడ కట్టదు. మే నెలలో మాత్రం రెండో రోజుకే కంపు కొడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టుకోండి, పెట్టనిస్తే.

మిల్లు మనవడు:
అందరికీ దండాలండి. లోపలి కాగితం ప్రింటే, జానెడుకొకసారి అదే మెలిక. అంచులు మాత్రం చేత్తో వేసినవే.

బైండరు గారూ, మీ మాట విని లైటు పెట్టి చూశాను. కుడివైపు ఒకచోట నీలం అల తెగి పక్కకి జరిగింది. అక్కడ తెరిస్తే 86 తర్వాత 99వ పేజీ! ఆరు కాగితాలు లేవు. గుండె గుభేలుమంది, ఎంత సొమ్ము మాయమైందో అని వెంటనే నాన్నకి ఫోన్ చేశాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పారు, ఆ పేజీలు తెల్లవేనట, చింపింది తానేనట, అప్పుడు రెండో తరగతి. మిల్లు వెనక పంట కాలువలో పడవలు వదలడానికి.

పాపం ఆ గుమాస్తా గారు వారం రోజులు మాట పడ్డారంట.