ఫైలు వాడుకలో ఉన్నప్పుడు ఇన్‌స్టాలర్ ఏం చేయాలి: ఆగి అడగాలా, రీస్టార్ట్‌కు వదిలేయాలా?

ఒంగోలు ప్రోగ్రామర్ (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. మాది వేబ్రిడ్జిలకు (లారీలు తూచే కాటాలకు) తూకం సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న బృందం. కొత్త వెర్షన్‌కు ఇన్‌స్టాలర్ (సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఎక్కించే ప్రోగ్రామ్) రాస్తుండగా మా మధ్య ఒక వాదన తెగకుండా సాగుతోంది. మార్చవలసిన డీఎల్ఎల్ ఫైలును (ప్రోగ్రాములు నడిచేటప్పుడు లోడ్ చేసుకుని వాడుకునే కోడ్ ఉన్న ఫైలును) అప్పటికే ఏదో ఒక ప్రోగ్రామ్ తెరిచి ఉంచితే ఇన్‌స్టాలర్‌కు రెండు దారులున్నాయి. కొత్త ఫైలును పక్కన ఉంచి, తర్వాతిసారి కంప్యూటర్ బూట్ అయ్యే (మొదలయ్యే) సమయంలో పాతదాని స్థానంలో చేర్చమని విండోస్‌కు చెప్పి, చివర "కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి" అని అడగడం ఒకటి. ఒక్క ఫైలును కూడా ముట్టుకోకముందే ఆగి, ఆ ఫైలును ఏ ప్రోగ్రామ్ వాడుతోందో పేరుతో సహా చూపించి, దాన్ని మూసిన తర్వాతే ముందుకు సాగడం రెండవది.

నేను రెండవ దారినే సమర్థిస్తున్నాను. రీస్టార్ట్ అడిగితే వాడుకరికి విసుగు పుడుతుందన్నది నా దృష్టిలో చిన్న విషయం. వాడుకరి "తర్వాత" అనే బటన్ నొక్కిన క్షణం నుంచి నిజంగా రీస్టార్ట్ జరిగేవరకు ఆ యంత్రంలో కొన్ని ఫైళ్లు కొత్తవి, కొన్ని పాతవి ఉంటాయి. ఆ స్థితిలో ప్రోగ్రామ్ ఎలా నడుస్తుందో దాన్ని రాసినవాళ్లు కూడా ఎన్నడూ పరీక్షించి ఉండరు.

నెల్లూరు ల్యాబ్ నిర్వాహకుడు

ఒంగోలు మిత్రుల ఆందోళనలో న్యాయముంది కానీ, ఆ పద్ధతి యంత్రం ముందు మనిషి కూర్చుని ఉన్నప్పుడు మాత్రమే పనిచేస్తుంది. నేను ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబులు చూస్తాను. మా దగ్గర సాఫ్ట్‌వేర్ అంతా తెర మీద ఏమీ చూపించని సైలెంట్ పద్ధతిలో, సాయంత్రం తరగతులు ముగిశాక ఒకేసారి అన్ని యంత్రాలకూ వెళ్తుంది. అక్కడ ఇన్‌స్టాలర్ ప్రశ్న అడిగి ఆగిపోతే సమాధానం చెప్పేవారు ఉండరు, మర్నాడు ఉదయం విద్యార్థులు వచ్చేసరికి పని సగంలో నిలిచి ఉంటుంది.

విండోస్ ఇన్‌స్టాలర్‌లో 3010 అనే రిటర్న్ కోడ్ (పని ఎలా ముగిసిందో ఇన్‌స్టాలర్ చివర తెలిపే సంఖ్య) ఉన్నది ఇందుకే. "పని విజయవంతంగా ముగిసింది, పూర్తి కావడానికి రీస్టార్ట్ అవసరం" అని దాని అర్థం. ఆ కోడ్ వచ్చిన యంత్రాలను ఎప్పుడు రీస్టార్ట్ చేయాలో నేను నిర్ణయించుకుంటాను. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. రీస్టార్ట్ వద్దని ఆదేశంలో స్పష్టంగా రాయకుండా ఎంఎస్ఐ ప్యాకేజీని (విండోస్ ఇన్‌స్టాలర్ నడిపే ఫైలును) పూర్తి సైలెంట్‌గా నడిపితే, రీస్టార్ట్ అవసరమైన చోట విండోస్ ఎవరినీ అడగకుండా తానే రీస్టార్ట్ చేస్తుంది. కాబట్టి తప్పు 3010 పద్ధతిది కాదు, దాన్ని వాడే తీరుది అని నా అభిప్రాయం.

చీమకుర్తి కాటా గుమాస్తా

నేను ప్రోగ్రామర్‌ను కాను, గ్రానైట్ బ్లాకుల లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాను. మీరు చెప్పే "సగం కొత్త, సగం పాత" స్థితి ఎలా ఉంటుందో మాత్రం బాగా తెలుసు. ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చివర రీస్టార్ట్ అడిగితే, వెనక లారీలు వరుసగా నిలబడి ఉండడంతో "తర్వాత" అని నొక్కాను. తర్వాతి లారీ ఖాళీ బరువు అంతకుముందే నమోదై ఉంది. లోడుతో కాటా ఎక్కింది, బరువు చూపించే ఇండికేటర్‌లో అంకె నిలిచింది, చీటీ కోసం బటన్ నొక్కితే "ఫలానా డీఎల్ఎల్‌లో ఎంట్రీ పాయింట్ దొరకలేదు" అనే పెట్టె వచ్చి ప్రోగ్రామ్ మూసుకుపోయింది. బరువు కళ్ల ముందు కనిపిస్తున్నా చీటీ లేకుండా లారీ గేటు దాటలేదు. డ్రైవరు దిగివచ్చి కిటికీ దగ్గర నిలబడితే ఏం చెప్పాలో నాకు తోచలేదు.

నెల్లూరు వారు తమ యంత్రాలను రాత్రి రీస్టార్ట్ చేసుకోగలరు. మాకు అలాంటి రాత్రి లేదు, కాటా దగ్గర రాత్రిళ్లు కూడా లారీలు వస్తూనే ఉంటాయి.

ఒంగోలు ప్రోగ్రామర్

చీమకుర్తి అన్నగారు చెప్పిన పొరపాటు సందేశం సరిగ్గా నేను భయపడుతున్నదే. కొత్త ఈఎక్స్ఈ (ప్రోగ్రామ్ ప్రధాన ఫైలు) తనకు కావలసిన ఫంక్షన్‌ను పాత డీఎల్ఎల్‌లో వెతికింది, అది అక్కడ లేదు.

లోపల జరిగేది కొంచెం వివరిస్తాను. నడుస్తున్న ప్రోగ్రామ్ లోడ్ చేసుకున్న ఫైలును తొలగించడానికి గానీ, దాని మీద రాయడానికి గానీ విండోస్ అనుమతించదు. అందువల్ల ఇన్‌స్టాలర్ ఆ మార్పును రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలు దాచుకునే చోట) "పెండింగ్ ఫైల్ రీనేమ్ ఆపరేషన్స్" అనే జాబితాలో చేర్చుతుంది. యంత్రం బూట్ అవుతున్నప్పుడు, ఇతర ప్రోగ్రాములేవీ లేవకముందే, సెషన్ మేనేజర్ అనే విండోస్ భాగం ఆ జాబితాను చదివి ఫైళ్లను మార్చుతుంది. లినక్స్‌లో ఈ చిక్కు ఇంతగా ఉండదు. ఫైలు పేరు కొత్త ఫైలుకు మారిపోయినా, పాత ఫైలును తెరిచిన ప్రోగ్రామ్ మూసేవరకు అది డిస్కు మీద అలాగే ఉంటుంది.

నెల్లూరు వారు గమనించవలసింది ఒకటుంది. ఆఫీసుల్లో చాలామంది సాయంత్రం షట్‌డౌన్ చేసి ఉదయం ఆన్ చేస్తారు, అంతటితో రీస్టార్ట్ అయిపోయిందనుకుంటారు. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తుంటే షట్‌డౌన్ సమయంలో కెర్నల్ (విండోస్ కేంద్ర భాగం) స్థితి డిస్కులో భద్రమై, ఉదయం అక్కడి నుంచే కొనసాగుతుంది. "రీస్టార్ట్" ఎంచుకుంటే తప్ప పూర్తి బూట్ జరగదు, పెండింగ్ జాబితా కదలదు. ఆ పైన, రీస్టార్ట్ బాకీ ఉందని గుర్తిస్తే అసలు మొదలే కాని సెటప్ ప్రోగ్రాములు కూడా ఉన్నాయి, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ సెటప్ వాటిలో ఒకటి. 3010 ఇచ్చి చేతులు దులుపుకున్న ఇన్‌స్టాలర్ భారం తర్వాత వచ్చే సాఫ్ట్‌వేర్ మీద పడుతోంది.

ఫైలును ఎవరు వాడుతున్నారో కనుక్కోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. 2007లో బజారులోకి వచ్చిన విస్టా నుంచి రీస్టార్ట్ మేనేజర్ అనే సదుపాయం విండోస్‌లోనే ఉంది. ఏ ఫైళ్లు మార్చాలో చెబితే వాటిని వాడుతున్న ప్రోగ్రాములను, సర్వీసులను (తెర మీద కనిపించకుండా వెనక నడిచే ప్రోగ్రాములను) పేర్లతో ఇస్తుంది. మూయమంటే మూస్తుంది, పని అయ్యాక తిరిగి తెరవగలిగిన వాటిని తెరుస్తుంది కూడా.

కావలి డీటీపీ కేంద్రం

ఆ చివరి మాట దగ్గరే నాకు గట్టి అభ్యంతరం ఉంది. పెళ్లి ముహూర్తాల రోజుల్లో మా తెర మీద ఒకేసారి నాలుగైదు శుభలేఖలు తెరిచి ఉంటాయి. ఏదో ఇన్‌స్టాలర్ వచ్చి "వీటిని నేనే మూస్తాను" అంటే ఊరుకోలేము. మూసుకోమని మర్యాదగా సందేశం పంపే పద్ధతి వేరు, బలవంతంగా ఆపే పద్ధతి వేరు. రెండవదానిలో సేవ్ చేయని పని పోతుంది. మూసిన ప్రోగ్రామ్ తిరిగి తెరుచుకోవడానికి కూడా, ఆ ఏర్పాటు ఆ ప్రోగ్రామ్‌లోనే ముందుగా ఉండాలి. పేజీలు కూర్చడానికి మేము వాడే పాత పేజ్‌మేకర్ వంటి వాటి నుంచి అది ఆశించలేము.

ఇంకో సంగతి. తెలుగు టైపింగ్‌కు వాడే కీబోర్డు మేనేజర్లు కొన్ని, మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ పట్టుకోవడానికి తమ డీఎల్ఎల్‌ను నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌లోనూ లోడ్ చేస్తాయి. అలాంటి దాన్ని అప్‌డేట్ చేయబోతే మీరు చెప్పే జాబితాలో పేజ్‌మేకర్, బ్రౌజర్, చివరికి డెస్క్‌టాప్ చూపించే ఎక్స్‌ప్లోరర్ కూడా కనిపిస్తాయి. ఒక్కొక్కటీ మూసి, మళ్లీ ప్రయత్నించి, ఇంకొకటి మిగిలిందని తెలుసుకోవడం కంటే, పని ముగించుకుని ఒక్కసారి రీస్టార్ట్ చేయడమే మాకు సుఖం. ఆ సందర్భంలో రీస్టార్ట్ అడిగే ఇన్‌స్టాలరే నిజాయితీగా ఉన్నట్టు.

ఒంగోలు ప్రోగ్రామర్

కావలి వారి రెండు మాటలూ ఒప్పుకోదగినవే. ఇతరుల ప్రోగ్రాములను మూసే హక్కు మా ఇన్‌స్టాలర్‌కు లేదు. మా సొంత ప్రోగ్రామ్‌ను మాత్రమే, అదీ చెప్పి మూయాలి. అన్ని ప్రోగ్రాముల్లోకీ చొరబడే డీఎల్ఎల్ విషయంలో రీస్టార్టే సరైనది. అయితే ఆ సంగతి చివర్లో కాకుండా మొదటి తెర మీదే చెప్పాలి. ఇప్పుడు మొదలుపెట్టాలో, లారీలు వెళ్లాక మొదలుపెట్టాలో మనిషి అప్పుడే నిర్ణయించుకోగలడు.

నెల్లూరు ల్యాబ్ నిర్వాహకుడు

ఫాస్ట్ స్టార్టప్ గురించి చెప్పినది నిజం. మా ల్యాబుల్లో దాన్ని ఆపివేసి ఉంచాము కాబట్టి నా వాదనలో ఆ కోణం రాలేదు. అయినా మీరిద్దరూ పాత ఫైలు స్థానంలోనే కొత్త ఫైలు పెట్టాలన్న పట్టింపుతో మాట్లాడుతున్నారు. క్రోమ్ బ్రౌజర్ ఆ పని చేయదు. కొత్త వెర్షన్‌ను దాని నంబరు పేరుతో వేరే ఫోల్డర్‌లో పెడుతుంది. నడుస్తున్న బ్రౌజర్ పాత ఫోల్డర్‌తోనే నడుస్తుంది, మూసి తెరిచినప్పుడు కొత్త దానికి మారుతుంది. కంప్యూటర్ రీస్టార్ట్ ప్రసక్తే లేదు, ఫైళ్లు కలగాపులగం అయ్యే వ్యవధి కూడా లేదు. తూకం సాఫ్ట్‌వేర్‌కు ఇది ఎందుకు పనికిరాదు?

ఒంగోలు ప్రోగ్రామర్

తెర మీద కనిపించే భాగానికి చక్కగా పనికొస్తుంది, అలాగే చేస్తాము. డిస్కు మీద కొంత చోటు ఎక్కువ పడుతుంది, అది భరించదగినదే. మిగిలే చిక్కు సర్వీసు దగ్గర ఉంది. ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టు (కంప్యూటర్‌కు పరికరాలను కలిపే ఒక రకం కనెక్షన్) ద్వారా బరువు చదివే సర్వీసు మా సాఫ్ట్‌వేర్‌లో ఒకటుంది. ఒక పోర్టును ఒకేసారి రెండు ప్రోగ్రాములు తెరవలేవు కాబట్టి పాత సర్వీసు ఆగితేనే కొత్తది మొదలవుతుంది. ఆ కొద్ది సెకన్లు తప్పించలేము.

చీమకుర్తి కాటా గుమాస్తా

ఆ కొద్ది సెకన్లు లారీ కాటా మీద ఉన్నప్పుడు రాకుండా చూడండి. ఇండికేటర్‌లో సున్నా ఉంటేనే సర్వీసు ఆపాలి. ఖాళీ బరువు తీసి, లోడు బరువు ఇంకా తీయని లారీలు ఎన్ని ఉన్నాయో కూడా ముందే చూపిస్తే, అవి వెళ్లేదాకా ఆగాలో వద్దో మేమే చూసుకుంటాము.

ఒంగోలు ప్రోగ్రామర్

రెండూ చేయగలము. కాటా మీద బరువు ఉందో లేదో సర్వీసుకు ఎలాగూ తెలుసు. ఇన్‌స్టాలర్ దాన్ని అడిగి, సున్నా వచ్చాకే ఆపుతుంది.

నెల్లూరు ల్యాబ్ నిర్వాహకుడు

సైలెంట్ పద్ధతిలో మాత్రం ఆ ఎదురుచూపుకు ఒక గడువు పెట్టండి. గడువు దాటితే ఏ ఫైలూ మార్చకుండా, 3010తో కలవని వేరే కోడ్ ఇచ్చి వెనక్కి రావాలి. ఏ ప్రోగ్రామ్ అడ్డుపడిందో లాగ్‌లో (జరిగినదంతా నమోదయ్యే ఫైలులో) రాయాలి. నేను మర్నాడు చదివేది ఆ ఒక్క వాక్యమే.