పాత బుల్లెట్ 350: ఎగ్జాస్ట్ టాపెట్ (పొగ వాల్వుని తెరిచే భాగం) గ్యాప్ జీరో పెట్టాలా, కాస్త లూజు వదలాలా?

గుంటూరు350: కాస్ట్ ఐరన్ ఇంజిన్. చల్లగా ఉన్నప్పుడు రెండు పుష్‌రాడ్లూ (వాల్వుల్ని తెరిచే కడ్డీలు) వేళ్లతో తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదన్నది కంపెనీ లెక్క. చాలామంది మెకానిక్‌లు ఎగ్జాస్ట్ కొంచెం లూజు వదలమంటున్నారు. ఏది కరెక్టు?

రాకర్‌ఆర్మ్: కంపెనీ లెక్కే. రాడ్లు అల్యూమినియంవి. బోరు (సిలిండర్), హెడ్ వేడికి పెరిగితే అవీ పెరుగుతాయి, కాబట్టి జీరో పెట్టినా పట్టేయదు. స్టీలు రాడ్లు అంత సాగవు, వేడెక్కాక టకటకమంటాయి. ఊరికే లూజు వదిలితే దెబ్బ కామ్ (రాడ్లని ఎత్తే ముక్క) మీద, రాడ్ చివర్ల మీద.

సీటువాల్వు: అన్నా, బోరు వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది, ఎగ్జాస్ట్ వాల్వుకి సెకన్లు చాలు. స్టార్ట్ చేసిన వెంటనే ఘాట్ ఎక్కిస్తే ముందు సాగేది వాల్వే. పైగా వాల్వు సీటు (మూసుకున్నప్పుడు అది ఆనే రింగు) లోకి దిగేకొద్దీ కాడ పైకొచ్చి ఉన్న గ్యాపూ పోతుంది. వాల్వు తన వేడిని ఎక్కువగా సీటుకి ఇచ్చేది మూసుకున్నప్పుడే. పూర్తిగా ఆనకపోతే కిక్‌లో కంప్రెషన్ తగ్గుతుంది, తర్వాత అంచు కాలుతుంది. టకటక వినిపించే టాపెట్ నయం, చప్పుడు లేనిదానిమీదే నాకు అనుమానం.

రాకర్‌ఆర్మ్: సరే, "కొంచెం" అంటే ఎంత? ఒక్కో షెడ్డులో ఒక్కో కొంచెం!

సీటువాల్వు: అక్కడ ఫీలర్ గేజ్‌తో పని కాదు, అడ్జస్టర్ నట్టుకుండే ఆరు పలకలతో లెక్కేయాలి. అంగుళానికి 26 మరలైతే ఒక పలక (1/6 చుట్టు) దాదాపు 0.16 మి.మీ. జీరో నుంచి పావు పలక, అంటే 0.04. అంతకు మించొద్దు.

మూడోపానా: పద్ధతి తప్పితే ఇద్దరి లెక్కా వృథానే. ఇంజిన్ రాత్రంతా చల్లారాలి. కుడివైపు టాపెట్ మూత, ప్లగ్గు తీసి, సెంటర్ స్టాండ్ మీద టాప్ గేరులో వెనక చక్రం తిప్పండి. ఇన్‌లెట్ రాడ్ లేచి దిగాక పిస్టన్ పైకొచ్చిన చోట ఆపండి. ముందు డీకంప్రెషర్ (కిక్ తేలికవడానికి ఎగ్జాస్ట్ వాల్వు ఎత్తే లివర్) కేబుల్ చూడండి. అందులో ఆట లేకపోతే ఎగ్జాస్ట్ టాపెట్‌ని ఎత్తి పట్టుకుంటుంది, మీ సెట్టింగ్ అబద్ధం. ఇక అడ్జస్టర్‌లో కింది నట్టుని ఒక పానాతో పట్టి, మధ్య లాక్ నట్ వదిలి, పైది తిప్పాలి. మూడు పానాలు, రెండు చేతులు, అదే తంటా. లాక్ నట్ బిగిస్తుంటే పైదీ జరుగుతుంది, కాబట్టి బిగించాక రాడ్ మళ్లీ తిప్పి చూడాలి. ఒక చోట తేలిగ్గా, ఒక చోట బిగుతుగా తిరిగితే రాడ్ వంగినట్టే, మార్చేయండి.

రాకర్‌ఆర్మ్: పావు పలకకి ఒప్పుకుంటా, అదీ కొత్తగా లాపింగ్ చేసిన (వాల్వుని సీటుకి రుద్ది కుదిర్చిన) హెడ్‌కే. సీటు కుదురుకుంటూ గ్యాప్ తింటుంది కాబట్టి 500 కి.మీ.కి మళ్లీ చూడాలి. కుదిరిన పాత సీటుకి జీరోనే.

గుంటూరు350: మా తమ్ముడి 2012 క్లాసిక్ 350కీ ఇదేనా?

మూడోపానా: కాదండీ. అది యూసీఈ ఇంజిన్ (ఆ తర్వాతి తరం), హైడ్రాలిక్ లిఫ్టర్లు, అంటే ఆయిల్ ప్రెషర్‌తో గ్యాప్ తమంతట తామే సర్దుకునే టాపెట్లు. సెట్ చేయడానికేం లేదు, ఆయిల్ లెవెల్ చూస్కోండి.