కల్లు మానేశాక వచ్చే డెలిరియం: రాత్రి డ్యూటీలో స్కోరు ఎట్లా వేస్తున్నారు?

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు క్యాజువాలిటీల్లో పనిచేసే సిస్టర్లు, బ్రదర్లు కాస్త చెప్పండి. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతారు. దుకాణం మూతపడ్డ రెండు మూడు రోజులకు ఇంటోళ్లు మనిషిని పట్టుకొచ్చి "గాలి సోకింది" అంటారు. చెమటలు, వణుకు, నాడి 120, జ్వరం, లేని పురుగుల్ని దులుపుకోవడం, కాసేపు తెలివి, కాసేపు మగత ఉంటే పిచ్చి అనుకోవద్దు, ముందు డెలిరియం (ఒంట్లో తేడా వల్ల ఉన్నట్టుండి మతి తడబడటం) అనుకోవాలి. షుగర్, ఆక్సిజన్, టెంపరేచర్ వెంటనే చూడాలి. షుగర్ 70 కంటే తక్కువుంటే 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ., దాంతోపాటే థయమిన్ (విటమిన్ బి1). థయమిన్ కోసం డెక్స్‌ట్రోజ్ ఆపొద్దు. ఇంతవరకు స్పష్టమే.

చిక్కంతా ఆ తర్వాతే. సివా స్కేలు (CIWA, లక్షణాలు చూసి స్కోరు వేసే పట్టిక) మద్యం మానినవాళ్ల కోసం తయారైంది. ఆల్ప్రాజోలం ఆగినవాళ్లకు దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? స్కోరు తక్కువ చూపించినా ఫిట్స్ రావచ్చు కదా, గంటగంటకూ వేస్తున్నారా? డైజీపాం ఐవీ (నరంలోకి) నిమిషానికి 5 మి.గ్రా. మించకుండా ఇవ్వాలి, కండకు వేస్తే సరిగా ఎక్కదు. పెనుగులాడే మనిషికి లైన్ దొరకకపోతే మిడజోలం ఐఎం (కండకు) మీ స్టాండింగ్ ఆర్డర్‌లో (డాక్టరు ముందే రాసిపెట్టిన ఆదేశంలో) ఉందా? హాలోపెరిడాల్ (మానసిక లక్షణాలకు వాడే మందు) ఒక్కటే రాస్తే ఫిట్స్ ముప్పు పెరుగుతుందని డ్యూటీ డాక్టరుకు ఎట్లా గుర్తుచేస్తున్నారు? ఇంజక్షన్ తర్వాత శ్వాస ఎన్ని నిమిషాలకోసారి లెక్కపెడుతున్నారో కూడా రాయండి.