అప్‌డేట్: 32 ఆంప్స్ కార్ ఛార్జర్, ట్రిప్ అవుతున్న ఎంసీబీ

ఎలక్ట్రిక్ కారు 32 ఆంప్స్ ఛార్జర్‌కి 32 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే బ్రేకర్) పెడితే రెండు గంటలకోసారి ట్రిప్ అవుతోంది, 40ది వేస్తే సరిపోతుందా అని అడిగాను కదా. "ముందు వైరు చూడండి, బ్రేకర్ తర్వాత" అన్నవాళ్లకి చేతులెత్తి దండం.

ఎలక్ట్రీషియన్ వచ్చి బాక్స్ విప్పితే లోపల ఉన్నది 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. అదీ ఇంకో రెండు సర్క్యూట్లతో కలిసి ఒకే పైపులో! ఎంసీబీ దగ్గర స్క్రూ వదులుగా ఉంది, ఇన్సులేషన్ గోధుమ రంగుకి తిరిగింది. అది చూసి నిజంగా భయమేసింది. నేను అనుకున్నట్టు 40 వేసి ఉంటే, ఆ వైరు కాలుతున్నా బ్రేకర్ ఊరుకునేది.

ట్రిప్‌కి కారణం కూడా అర్థమైంది. ఎంసీబీలో ఉండే రెండు లోహాల పట్టీ వేడికి వంగుతుంది. గంటల తరబడి పూర్తి లోడ్, పక్క బ్రేకర్ల సెగ, వదులు స్క్రూ వేడి, మూడూ కలిశాయి. అమెరికా ఎన్‌ఈసీ కోడ్‌లో (అక్కడి వైరింగ్ నియమాలు) మూడు గంటలు, ఆపైన ఆగకుండా నడిచే లోడ్‌కి 125 శాతం లెక్క కట్టమంటారు. 32కి 40 వస్తుంది, అంటే 40 బ్రేకర్, దానికి తగ్గ వైరు రెండూ కావాలన్నమాట.

కొత్త వైరు వేసేదాకా ఛార్జర్ సెట్టింగ్ 16కి తగ్గించి నెట్టుకొచ్చాం. ఇప్పుడు విడి పైపులో 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 40 ఆంప్స్ ఎంసీబీ. స్క్రూలు టార్క్ డ్రైవర్‌తో (సరిపడా బిగువు కొలిచి బిగించే స్క్రూడ్రైవర్) బిగించారు. నిన్న ఐదు గంటలు 32 ఆంప్స్ మీదే నడిచింది, ట్రిప్ కాలేదు. వారం తర్వాత బిగింపు ఇంకోసారి చూపిస్తాను.